ఈల ముందా, గోలు ముందా

రాయపూర్, రైల్వే క్వార్టర్లు
1954 ఫిబ్రవరి, శుక్రవారం

చి.ల.సౌ. పార్వతికి నూకరాజు అనేక ఆశీస్సులతో రాసేది.

ఇక్కడ నేను క్షేమం, క్వార్టరు క్షేమం, నువ్వు నాటిన బంతి మొక్కలు క్షేమం. వంటగది సంగతి మాత్రం అడగకు. అక్కడ నువ్వూ, అత్తయ్య వరహాలమ్మగారూ, మీ పెదనాన్నగారి ఇంటిల్లిపాదీ క్షేమమని నమ్ముతున్నాను. నువ్వు చెబుతుంటే బంగారమ్మ రాసిపెట్టిన ఉత్తరం పోయిన శనివారం అందింది. మీ పెదనాన్నగారి మనవరాలికి దస్తూరి బాగా కుదిరింది గాని, నువ్వు కోపంగా అన్న మాటల్ని కూడా గుండ్రంగా, ముద్దుగా రాసేసరికి సగం కోపం నా దాకా రానే లేదు.

నీ తమ్ముడు చిన్నారావు ఈ ఉత్తరం కంటే ముందే బొబ్బిలిలో దిగి ఉంటాడు. వాడు నీకు ఏం చెప్పాడో, ఎంతవరకు చెప్పాడో నాకు తెలియదు. "ఓడిపోయాం అక్కా" అని ఒక్క ముక్క అనేసి, కాలు చాపుకుని కూర్చుని ఉంటాడు. మిగతాది నేను చెప్పాలి. చెబుదామనే కూర్చున్నాను. కలం పట్టుకున్న దగ్గర్నుంచి లేచి కిటికీ దగ్గరికి పోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఇదే సరిపోతోంది. ఆ కిటికీలోంచి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాకీ మైదానం కనిపిస్తుందని నీకు తెలుసు గదా. ఆదివారం నుంచి దాన్ని మూసే ఉంచుతున్నాను. మూసిన కిటికీ దగ్గరికే లేచి వెళుతున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వేళకి తింటున్నానా అని అడిగావు. పక్క క్వార్టరు పైడమ్మ ఉండగా తినక చస్తానా. డ్యూటీ దిగి తాళం తీసేసరికి గోడ అవతల నుంచి, "గార్డు బాబూ, వచ్చీసినారా? దాల్ ఒండినాను, గిన్నె ఇటు పెట్టండి. పారోతమ్మ వచ్చి నన్నడిగితే నానేటి జవాబు సెప్పాల?" అని కేక వేస్తుంది. దాల్ బాగుంటుంది. ఆ దాల్‌తో పాటు నువ్వెప్పుడొస్తావు, ఎవరు పుడతారు అన్న ప్రశ్నలు కూడా మింగాలి.

సెలవు సంగతి అడిగావు. పురుడు నెలకి పదిహేను రోజులు పెట్టాను, దొరకవచ్చునంటున్నారు. దొరక్కపోయినా ఎవరి కాళ్ళో పట్టుకుని వస్తాను. మందు సీసా ఖాళీ కాకముందే కబురు చెయ్యి, మన లైను గార్డుల చేత పంపిస్తాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "హాకీలో కర్ర పట్టుకోరట, బంతి కొట్టరట, అయినా అందరితో పాటు పరుగెడతారట. అసలు అంపైరంటే మీ పని ఏమిటి?" అని రాయించావు. మీ వదినలు నవ్వుతున్నారని కూడా రాయించావు. నవ్వనీ. నా పని తప్పులు పట్టడం. పెళ్ళయినప్పటినుంచి ఇంట్లో ఆ పని నువ్వు చేస్తూనే ఉన్నావు. నాకు ఒక ఈల కూడా ఇచ్చారు, అదొక్కటే తేడా.

ఇదివరకు ఆ ఈల ఒక ఇంజను డ్రైవరు దొర దగ్గర ఉండేది. ఆయన సంసారంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, ఇంగ్లీషు చదవగలనన్న పాపానికి, ఈలా, ఒక పల్చటి రూల్సు పుస్తకమూ నా చేతిలో పెట్టి పోయాడు. పుస్తకం పల్చనే గాని అందులోది నాకు ఓ పట్టాన మింగుడు పడలేదు. కర్ర భుజం దాటి లేవకూడదు, ఇది తేలిక. గోలు ముందు సున్నంతో గీసిన అర్ధచంద్రం లోపలి నుంచి కొడితేనే గోలు, ఇదీ తేలికే. ఆఫ్‌సైడు దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర తిరిగింది. బంతి అందుకునేవాడికీ అవతలి గోలుకీ మధ్య ఎదుటివాళ్ళు ముగ్గురైనా ఉండాలట. వాడు బంతికి వెనక ఉంటే అక్కర్లేదట. తన సగంలో ఉంటే అసలే అక్కర్లేదట. అందుకున్నప్పుడు ఎక్కడున్నాడన్నది కాదు, అవతలివాడు కొట్టినప్పుడు ఎక్కడున్నాడన్నది చూడాలట. హైస్కూలు డ్రిల్లు మాస్టారిని అడిగితే ఒక అర్థం చెప్పాడు, బిలాస్‌పూర్ నుంచి వచ్చిన అంపైరు దానికి అడ్డంగా ఇంకొకటి చెప్పాడు. ఒక ఆటకు అంపైర్లు ఇద్దరం, చెరో సగం చూస్తాం. కొన్నాళ్ళు అతని సగంలో తప్పయినది నా సగంలో ఒప్పయింది. జనం తిట్లు మాత్రం ఇద్దరికీ సమానంగా పంచారు.

అయినా వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టిన రూలు ఇంకొకటి ఉంది. తప్పు కళ్ళెదుట కనబడినా ఈల వేయకూడని సమయం ఉందట. తప్పు చేసినవాడి వల్ల దెబ్బ తిన్నవాడు ఇంకా బంతితో ముందుకు పోతూనే ఉంటే, మనం ఈల వేసి ఆట ఆపితే లాభం తప్పు చేసినవాడికే గదా. అందుకని ఊపిరి బిగపట్టి ఆగాలి. ఈల మోగిందంటే బంతి చచ్చినట్టే, ఆ తరువాత గోలు పడినా గోలు కాదు. దొర నాకు ఇది చెప్పేటప్పుడు, "సీటీ మూ మే రఖో రాజూ, లేకిన్ సబర్ కరో" అనేవాడు. ఈల నోట్లోనే ఉంచు, కాని ఓపిక పట్టు అని.

నేను గార్డుని, పార్వతీ. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి నాకు నేర్పింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అనుమానం వచ్చిందా, ఎర్ర జెండా చూపు, బండి ఆపు, తరువాత ఆలోచించు. ఆగిన బండి వల్ల ప్రమాదం లేదు. అనుమానం వచ్చి కూడా బండిని పోనిచ్చిన గార్డు రేపు విచారణలో నిలబడాలి. అలాంటివాణ్ణి పట్టుకుని, తప్పు చూసి కూడా చూడనట్టు పరుగెత్తమంటే ఎలా? సాధన చేశాను. కాలనీ జట్టు రోజూ ఆడుకునే ఆటల్లో నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

చిన్నారావు ఉద్యోగం ఖాయమైందా అని ఉత్తరం చివర ఒకసారి, మళ్ళీ అంచున ఒకసారి రాయించావు. ఆ అంచున రాసినది చూసినప్పటినుంచి నాకు తిన్నగా నిద్ర లేదు. వాడు దసరా నుంచి మన క్వార్టర్లోనే ఉంటూ లోకో షెడ్డులో తాత్కాలికపు ఖలాసీగా చేస్తున్నాడు. ఈ ఏడు హాకీ పోటీల షీల్డు మన షెడ్డుకు వస్తే జట్టులో తాత్కాలికంగా ఉన్నవాళ్ళను ఖాయం చేయిస్తానని షెడ్డు దొర అందరి ముందూ మాట ఇచ్చాడు. ఖాయమైతే క్వార్టరు. క్వార్టరు వస్తే అత్తయ్య మీ పెదనాన్నగారి వంటింటి పొగలోంచి బయటపడి, కొడుకు ఇంట్లో తన పొయ్యి తను వెలిగించుకుంటుంది. మన దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా, అల్లుడి ఇంట్లో ఉండనని ఆవిడ పంతం. ఇదంతా నీకు తెలియక కాదు. నేను మరచిపోలేదని చెప్పడానికి రాస్తున్నాను.

ఆదివారం ఫైనలు. మన షెడ్డు జట్టుకీ, నిరుడు షీల్డు గెలిచిన బిలాస్‌పూర్ జట్టుకీ. ఆట సమానమైతే షీల్డు నిరుటివాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ధర్సీవా నుంచి కూడా జనం బళ్ళు కట్టుకుని వచ్చారు. బావమరిది ఆడే ఆటకు నేను అంపైరుగా ఉండనని ముందే చెప్పాను. వేరే మనిషి లేడన్నారు. బిలాస్‌పూర్ వాళ్ళు కూడా, గార్డు సాబ్ అయితే మాకు అభ్యంతరం లేదన్నారు. ఆ మాటకు నాకు కొంచెం గర్వం కలిగింది.

ఆట ముగింపుకొచ్చింది. ఎవరికీ గోలు లేదు. చిన్నారావు కుడి పక్క నుంచి బంతి తీసుకుని వచ్చాడు. వాడు పరుగెత్తడం నువ్వు చూడలేదు పార్వతీ. మీ ఇంట్లో ఎవరికీ అంత నెమ్మది లేదు, అంత వేగమూ లేదు. ఇద్దరిని తప్పించి అర్ధచంద్రంలోకి వచ్చేశాడు. వాళ్ళ బ్యాకు వెనక నుంచి కర్ర విసిరాడు. అది బంతికి తగలలేదు, వీడి చీలమండకు తగిలింది. కాలు మడత పడింది. నేను ఈల వేశాను. కాలు మడత పడినవాడు పడిపోలేదు. ఆ వంగిన ఒంటితోనే కొట్టాడు, బంతి పోయి గోలు చెక్కకు ధన్‌మని తగిలింది.

సరిగ్గా అప్పుడే యార్డులో ఒక గూడ్సు ఇంజను కూత పెట్టింది. ఏ ఈల ఎప్పుడు మోగిందో జనంలో ఎవరికీ తెలియలేదు. మనవాళ్ళు ఎగిరి గంతులు వేస్తున్నారు. నేను గోలు లేదన్నాను, దానికి బదులు షార్టు కార్నరు, అంటే గోలు పక్క గీత మీద నుంచి మనవాళ్ళకు మళ్ళీ ఒక అవకాశం, ఇచ్చాను. అది వృథా అయింది. ఆట సమానంగా ముగిసింది, షీల్డు బిలాస్‌పూర్ బండెక్కింది.

ఆ సాయంత్రమే మన జట్టు కెప్టెన్, ఫిట్టర్ వెంకటస్వామి మన గుమ్మంలోకి వచ్చాడు. "గార్డుగారూ, మీకు అలవాటు సొప్పున ఎర్ర జెండా సూపేసినారు, సర్లెండి. షీల్డు కమిటీకి అర్జీ ఎట్టినాను. మంగళారం మిమ్మల్ని పిలిసి అడుగుతారు. గోలు అయిపోనాక ఊదినానని ఒక్క మాట సెప్పీండి. బస్, ఖతం. ఇంజను కూతలో ఎవుడు ఇన్నాడు?" అన్నాడు. అంపైరు తానే పొరబడ్డానని ఒప్పుకుంటే కమిటీ నిర్ణయం మార్చవచ్చు, ఇక్కడ ఆ పద్ధతి ఉంది. వెంకటస్వామి వెళుతూ వెళుతూ, "కుర్రోడి బతుకండీ" అన్నాడు.

సోమవారం నా బండి మందిర్ హసౌద్ దగ్గర సిగ్నలు కోసం ఆగింది. బ్రేక్ వాన్‌లో నిలబడి ఈల ముందా గోలు ముందా, ఈల ముందా గోలు ముందా అని నాలో నేను గొణుక్కుంటున్నాను. సిగ్నలు పడింది, డ్రైవరు కూత మీద కూత పెడుతున్నాడు, నేను పచ్చ జెండా ఊపలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఇలా ఎన్నడూ జరగలేదు. ఇంటికి వచ్చాక, అన్నం తింటూ చిన్నారావుతో, "రేపు నిన్ను కూడా పిలుస్తారు. ఇంజను గోలలో ఏమీ వినబడలేదని చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. వాడు తల ఎత్తకుండా తింటూనే ఉన్నాడు. సరేనన్నాడనుకున్నాను.

మంగళవారం ముందు వాణ్ణి లోపలికి పిలిచారు. బయటికి వచ్చి నన్ను దాటుకుని వరండా చివర కూర్చుని, కాలి గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తరువాత నన్ను పిలిచారు. కమిటీ సెక్రటరీ బాబు మంచివాడు, మాట పొదుపు. "గార్డు సాబ్, సీటీ పహలే, యా గోల్ పహలే?" అన్నాడు. ఈల ముందా, గోలు ముందా అని.

గోలు ముందు అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, చెప్పింది నేనేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. సెక్రటరీ బాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈల ముందు అని, అది విన్నాకే కొట్టానని నీ బావమరిది ఇప్పుడే చెప్పి వెళ్ళాడు, మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటావు అని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. అడిగి, నా కోసం ఆగాడు.

అతన్నే నమ్మండి అన్నాను. ఆ మాటతో వాడి ఉద్యోగం పోయిందని తెలిసే అన్నాను. అబద్ధమాడానన్న సిగ్గూ, నిజం ఒప్పుకుని వాడి నోటి దగ్గర ముద్ద తీసేశానన్న ఏడుపూ, రెండూ ఒక్కసారే వచ్చాయి. ఈల తీసి ఆయన బల్ల మీద పెట్టేశాను. ఆయన వద్దనలేదు.

బయటికి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. "ఎందుకురా అలా చెప్పావు?" అని అడిగాను.

"ఇన్నాను గదా బావా. ఇన్నది ఇన్లేదని ఎలాగంతాను?" అన్నాడు. "నువ్వేటి సెప్పినావు?" అని అడిగాడు.

"నువ్వు చెప్పిందే" అన్నాను.

వాడి మొహం వెలిగిపోయింది పార్వతీ. "నాకు తెల్సు బావా. ఎంకటస్వామన్న అడిగితే, మా బావ అలాటోడు కాదని ముందే సెప్పీసినాను" అన్నాడు. నేను వాడి కాలి గుడ్డ వంకే చూస్తూ కూర్చున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఈల ఎందుకు వేశానన్నది. గార్డు అలవాటు అని కాలనీ అంతా అనుకుంటోంది. నేనూ అవుననే అంటున్నాను, అది మర్యాదగా ఉంది గనక. కాని అలవాటు కాదు. ఆ కర్ర తగిలి వాడి కాలు మడత పడినప్పుడు నాకు ఆటా కనబడలేదు, రూలూ గుర్తు రాలేదు. షంటింగులో పెట్టెల మధ్య నలిగిన మీ నాన్నగారి కాలు కనబడింది. నువ్వు బండెక్కేటప్పుడు, "వాడి కాళ్ళు జాగ్రత్తండీ" అన్న మాట వినబడింది. తప్పు చూసి అంపైరు ఊదిన ఈల కాదది. భయపడి బావ ఊదాడు. ఒక్క ఊపిరి ఆగి ఉంటే వాడికి ఉద్యోగం, అత్తయ్యకు ఇల్లు. వాడి మీద ప్రేమే వాడికి అడ్డం పడిందని తలుచుకుంటే నాకు ఈ గదిలో నిలబడబుద్ధి కావడం లేదు, బయటికి పోబుద్ధీ కావడం లేదు.

షెడ్డులో వాడి గడువు ముగిసింది, పొడిగించలేదు. కాలు వాపు తగ్గేదాకా అక్క దగ్గర ఉండి రమ్మని నేనే అన్నాను. బుధవారం వాడెక్కిన బండికి టిట్లాగఢ్ దాకా గార్డుని నేనే. వాడు కావాలని నా బ్రేక్ వాన్‌కు ఆనుకున్న పెట్టెలో కూర్చున్నాడు. వేళ అయింది, సిగ్నలు పడింది. నా గార్డు ఈల నోట్లో పెట్టుకున్నాను, ఊపిరి రాలేదు. వాడు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఈల ముందా, బండి ముందా బావా?" అని పకపకా నవ్వాడు. వాడితో పాటు పెట్టెలో వాళ్ళందరూ నవ్వారు. ఈల వేశాను, జెండా ఊపాను. టిట్లాగఢ్‌లో దిగి, వాడికి టీ ఇప్పించి, కమిటీ దగ్గర నేను ముందు అన్న మాట చెబుదామని పెట్టె దాకా వెళ్ళాను. కాలు జాగ్రత్త అని మాత్రం చెప్పి వచ్చేశాను.

పార్వతీ, ఇంత పొడుగు ఉత్తరం నీకు రాశానంటే నీకు ఈపాటికి అర్థమై ఉండాలి. తమ్ముడు ఊళ్ళో ఉంటే నీ ఉత్తరం వాడే చదవాలి, ఇంకెవరి చేతా చదివించుకోవు. నాకది తెలుసు. తెలిసే రాశాను.

చిన్నారావూ, ఇందాకటినుంచి వాడు వాడు అని రాస్తున్నాను గాని, చదువుతున్నది నువ్వేనని ప్రతి వాక్యానికీ గుర్తుంది. ఇక్కడ ఆపేయకు, అక్కకు పైకే చదువు. మీ బావ అలాంటివాడు కాదని వెంకటస్వామికి చెప్పావు. అలాంటివాడే. గోలు ముందు అని చెప్పి వచ్చి, నీ పక్కన కూర్చుని, నువ్వు చెప్పిందే చెప్పానన్నాడు. నీ మొహం చూస్తూ చెప్పలేక, నీ నోటితోనే నీకు చెప్పిస్తున్నాడు. ఈల ముందేరా. నువ్వు చెప్పిందే నిజం. కోపం వస్తే రాయి, రాకపోయినా రాయి, కాని జవాబు నువ్వే రాయి. వాపు తగ్గితే ఆ సంగతి ముందు రాయి.

ఇట్లు,
నీ బావ
నూకరాజు